వాడు బొమ్మలు వేయడం ఎందుకు మానేశాడు?

ఈ మధ్య ఒక తల్లీ తండ్రీ వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. వాళ్ల తొమ్మిదేళ్ల అబ్బాయి రోజూ బొమ్మలు వేసేవాడు, ఉన్నట్టుండి మానేశాడు. జపాన్ సినిమా 'మై నైబర్ టొటొరో' అంటే వాడికి ప్రాణం. అందులో గొడుగు పట్టుకున్న వింతజీవి టొటొరోని ఎన్నిసార్లు వేశాడో లెక్కలేదు. ఒక ఆదివారం వాళ్ల నాన్న, వాడు సంబరపడతాడని, ఇంటిల్లిపాదీ దిగిన ఫొటోను ఫోనులో ఆ సినిమా బొమ్మలా మార్చి చూపించారు. వాడు చాలాసేపు చూశాడు. "ఇది నాకంటే బాగా వేస్తుంది" అన్నాడు. ఆ రోజు నుంచి క్రేయాన్ల డబ్బా మూత తీయలేదు.

"నేనేం తప్పు చేశానండీ?" అని ఆ తండ్రి అడిగారు. బిడ్డ నవ్వు చూడాలనుకోవడం తప్పెలా అవుతుంది? 2025లో ఫొటోలను అలా బొమ్మలుగా మార్చే సరదా మన ఇళ్లలో చాలావాటికి వచ్చింది. ముందు కాస్త ఊపిరి తీసుకుందాం. వాడిలో బొమ్మలు వేసే పిల్లాడు ఎక్కడికీ పోలేదు. నొచ్చుకుని లోపల కూర్చున్నాడు, అంతే.

అయితే వినడానికి కష్టమైన మాట ఒకటుంది. వాడి మనసు విరిచింది ఫోను ఒక్కటే కాదు. అంతకుముందు ఎన్నో రోజులుగా మనం ప్రేమగా అంటూ వచ్చిన మాట: "అబ్బ, అచ్చం సినిమాలో ఉన్నట్టే వేశావే!" బొమ్మకు విలువ 'అచ్చం'లోనే ఉందని వాడు అలా నేర్చుకున్నాడు. ఆ కొలత ప్రకారం చూస్తే, క్షణంలో అచ్చం దించేసే యంత్రం ముందు వాడు ఓడిపోయినట్టే. కొలత మనం ఇచ్చిందే కాబట్టి, మార్చడమూ మన చేతిలోనే ఉంది.

కంప్యూటర్‌ను శత్రువుగా చూపించాల్సిన పని లేదు. ఆ సినిమాలు తీసిన స్టూడియో జిబ్లీ కథే చూద్దాం. టొటొరో 1988 నాటిది. కాగితం మీద గీసి, పారదర్శకమైన షీట్ల మీదికి ఎక్కించి రంగులు వేసిన రోజులవి. 1997లో 'ప్రిన్సెస్ మొనొనొకె'కి వచ్చేసరికి కొన్ని దృశ్యాల్లో కంప్యూటర్ సాయం తీసుకున్నారు. 1999లో అదే స్టూడియో దర్శకుడు ఇసావో తకహాత 'మై నైబర్స్ ది యమడాస్' అనే ఒక మామూలు కుటుంబం కథను పూర్తిగా డిజిటల్ పద్ధతిలో తీశారు. అదీ ఎందుకు? నీటిరంగులు అద్దినట్టు, అంచుల్లో తెల్లకాగితం వదిలేసినట్టు కనిపించాలని. చేతిగీత తేటగా కనిపించడానికే యంత్రాన్ని పిలిచారన్నమాట.

2008లో 'పొన్యో' కోసం, టొటొరో తీసిన దర్శకుడు హయావో మియజాకి మళ్లీ పెన్సిల్‌కే వచ్చారు. రంగులద్దడం కంప్యూటర్‌లోనే జరిగినా, సముద్రంతో సహా కదిలే ప్రతిదీ చేతితోనే గీయించారు. లక్షా డెబ్భై వేల దాకా బొమ్మలు పట్టాయి. అందులో అలలు పెద్ద చేపల్లా కళ్లు తెరుచుకుని పరుగెత్తుతాయి. ఏ సముద్రమూ అచ్చం అలా ఉండదు. ఆ కథలోని ఐదేళ్ల పిల్లాడి భయానికీ సంబరానికీ మాత్రం అలాగే ఉంటుంది. 2020లో ఆయన కొడుకు గోరో 'ఇయర్‌విగ్ అండ్ ది విచ్'ను పూర్తిగా త్రీడీ కంప్యూటర్ బొమ్మలతో తీశారు. ఒకే ఇంట్లో తండ్రిది ఒక దారి, కొడుకుది ఇంకో దారి. మన పిల్లలూ రేపు టాబ్లెట్ మీద గీస్తామంటే గీయనిద్దాం. చెప్పాలనుకున్నది వాళ్లదైతే చాలు.

మరి ఆ అబ్బాయి చెప్పాలనుకున్నదేమిటి? టొటొరోలో బస్సుస్టాపు దృశ్యం గుర్తుందా? వాన పడుతోంది. నిద్రపోతున్న చెల్లిని వీపున మోస్తూ అక్క సత్సుకి నాన్న కోసం ఎదురుచూస్తోంది. పక్కన టొటొరో, నెత్తిన ఒక్క ఆకు. సత్సుకి దానికి గొడుగు ఇస్తుంది. చెట్టు మీంచి చుక్క టప్పున గొడుగు మీద పడగానే టొటొరో కళ్లు పెద్దవవుతాయి. ఆ చప్పుడు ఇంకా కావాలనిపించి ఎగిరి దూకుతుంది, చెట్ల మీది నీళ్లన్నీ ఒక్కసారిగా కురుస్తాయి. అంతసేపూ పెద్దగా ఏమీ జరగదు. "బోరు, ముందుకు జరుపు" అని మనమే అనేస్తాం. బిడ్డ మాత్రం ఆ చీకట్లో, ఆ వానలో నిలబడే ఉంటాడు. వాడు మళ్లీ మళ్లీ వేసింది టొటొరో బొమ్మ మాత్రమే కాదు, ఆ నిరీక్షణ కూడా. నాన్న బస్సు ఇంకా రాకపోతే పక్కన ఎవరైనా ఉంటే బాగుండునన్న కోరిక కూడా.

అందుకే ఆ తండ్రికి ఒక చిన్న పని చెప్పాను. మనమూ చేయవచ్చు. పాత నోటుపుస్తకం ఒకటి తీసి, చివరి పేజీ మూలన వానచుక్క ఒకటి గీయండి. దాని ముందు పేజీలో అదే చుక్క కాస్త కిందికి. అలా పన్నెండు పేజీలు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు తిరుగుతాయి, ఒక్కో బొమ్మను సాధారణంగా రెండు మూడు ఫ్రేముల పాటు ఉంచుతారు. అంటే మీ పన్నెండు బొమ్మలు ఒకటి, ఒకటిన్నర సెకను సినిమా. పేజీలు వెనక నుంచి ముందుకు గబగబా వదిలితే చుక్క రాలుతుంది. మీ గీత వంకరగా వచ్చినా చెరపకండి. వాడు చూడాల్సింది అదే. వాడిని రమ్మని పిలవకండి, పక్కన పెన్సిల్ ఒకటి ఉంచండి.

వాడు గీసిన రోజున "బాగుంది" అని ఆపేయకుండా, "ఈ చుక్క ఎక్కడ పడుతుంది?" అని అడగండి. జవాబు రావడానికి సమయం పట్టవచ్చు, ఫోను పక్కన పెట్టి కూర్చుందాం. ఆ జవాబు వాడి దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు.