కనబడని కెమెరా: అలెన్ ఫంట్ వృత్తాంతము

నాటకమునందు నటులు పరులు వ్రాసి యిచ్చిన మాటలను వల్లింతురు. అట్లుగాక, సామాన్యజనులు తమంతట తాము పలుకు పలుకులను, చేయు చేష్టలను పట్టి ప్రేక్షకులకు జూపు కార్యక్రమములు టెలివిజనులో గలవు. వీనికి రియాలిటీ కార్యక్రమములని పేరు. వీనిని కూర్చి నడుపువాడు నిర్మాత. ఈ వృత్తికి త్రోవ తీసినవారిలో ముఖ్యుడు అమెరికా దేశస్థుడగు అలెన్ ఫంట్. అతని వృత్తాంతమును మేమిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము. ఇందు నవ్వదగినదియు గలదు, నేర్వదగినదియు గలదు.

ఫంట్ 1914వ సంవత్సరమున న్యూయార్కు నగరములోని బ్రూక్లినునందు జన్మించెను. కార్నెల్ విశ్వవిద్యాలయమున జదివి, పిదప వ్యాపార ప్రకటనల పనిలో బ్రవేశించెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైన్యములో సిగ్నలు శాఖయందు జేరెను. అచ్చట సైనికుల మొఱలను వారి నోటనే పలికించి యంత్రమున నెక్కించు పని యతనికి లభించెను. కాని యొక చిక్కు గలిగెను. యంత్రముమీది యెఱ్ఱదీపము వెలుగగానే, అంతవఱకు గలగల మాటలాడుచుండిన సైనికుడు నోట మాట రాక తడబడుచుండెను. అప్పుడు ఫంట్ ఆ దీపము వెలుగకుండ జేసి, వారెఱుగకుండ వారి మాటలను గ్రహించెను. మనుష్యుడు తన్నితరులు గమనించుచున్నారని యెఱిగినప్పు డొక తీరునను, ఎఱుగనప్పుడు వేఱొక తీరునను నుండునని యతడు గ్రహించెను. అతని వృత్తి యంతయు నీ చిన్న సంగతినుండియే మొలకెత్తినది.

1947లో అతడు రేడియోయందు 'కాండిడ్ మైక్రోఫోను' అను కార్యక్రమమును ప్రారంభించెను. మఱుసటి యేడే యది టెలివిజనునకు జేరి, పిమ్మట 'కాండిడ్ కెమెరా' యని పేరొందెను. 1960 మొదలు 1967 వఱకు సి.బి.ఎస్. సంస్థవారు దీనిని ప్రసారముచేసిరి. కెమెరాను మఱుగున నుంచి, ఎవరికైన వింత సందర్భమును గల్పించి, వారేమి చేయుదురో చిత్రించుట ఇందలి పద్ధతి. తుదకు నిజము దెలుపగా వారును నవ్వుదురు.

ఒకతె యింజను లేని కారును పల్లమున దొర్లించుకొనివచ్చి, "బండి నడుచుట లేదు, చూడుడు" అని మెకానిక్కు నడిగినది. అతడు మూత యెత్తి చూచి నిశ్చేష్టుడయ్యెను! 1962లో మఱియొకటి చిత్రించిరి. లిఫ్టులో ముందుగా కుదుర్చుకొన్నవారందఱు తలుపునకు వీపు పెట్టి నిలిచిరి. ఏమియు నెఱుగని యొకడు లోనికి వచ్చి, అటునిటు చూచి, మెల్లమెల్లగా తానును వెనుకకు దిరిగెను! పదిమంది చేయు పనిని కారణ మడుగక మనము నెట్లు చేయుదుమో తెలుపుటకు మనశ్శాస్త్ర బోధకులు నేటికిని దీనిని జూపుచుందురు.

అయితే ఆటపట్టించుటకు గూడ మూల్యము గలదు. 1969 ఫిబ్రవరిలో ఫంట్ భార్యాపిల్లలతో నెవార్కు నుండి మయామీకి విమానమున బోవుచుండగా, దుండగులు దానిని క్యూబా దేశమునకు మళ్లించిరి. ప్రయాణికులలో కొందఱు ఫంట్ ముఖమును గుర్తుపట్టి, ఇదియు నతని వేడుకయే యనుకొని నవ్వసాగిరి. ఇది నిజమని యత డెంత మొఱపెట్టుకొన్నను వారు నమ్మరైరి. విమానము హవానాలో దిగిన పిదపగాని వారికి సత్యము బోధపడలేదు. దైవవశమున నందఱు క్షేమముగా మరలివచ్చిరి. "నాన్నా పులి" కథను మన పిల్లలందఱు నెఱుగుదురు గదా! ఇచట ఫంట్ అబద్ధమాడలేదు. అయినను అతని పేరే అతని సత్యమునకు అడ్డు వచ్చెను. అతడు 1999లో మరణించెను.

ఫంట్ తరువాతి నిర్మాతలు మఱియొక మార్గము పట్టిరి. 1973లో అమెరికాలో ప్రసారమైన 'యాన్ అమెరికన్ ఫ్యామిలీ'యందు ఒక కుటుంబపు నిత్యజీవనమును వారి సమ్మతితోనే చూపిరి. సుమారు 300 గంటలు చిత్రించి, 12 గంటల కథగా గూర్చిరి. ఆ కుటుంబమువారు తమ్ము సరిగా చూపలేదని తరువాత వాపోయిరి. విద్యార్థులారా, లెక్క వేయుడు: ఇరువదియైదింట నొక పాలు మాత్రమే లోకము చూచినది! మిగిలిన యిరువదినాలుగు పాళ్లలో వారి మంచితన మెంత మఱుగుపడెనో! 1999లో హాలెండు దేశమున మొదలైన 'బిగ్ బ్రదర్' పద్ధతిని బట్టి 2017లో తెలుగునందును 'బిగ్ బాస్' వచ్చినది. అందలివారు కెమెరాలున్నవని యెఱిగియే మెలగుదురు. అనగా ఫంట్ ఆర్పిన యెఱ్ఱదీపము మరల వెలిగినదన్నమాట. కావున తెఱమీద జూచినదంతయు సత్యమని నమ్మరాదు. ఎంచినవాని చేయి యందు గలదని మఱువరాదు.

ఇప్పుడు ఫోను గల ప్రతివాని జేబులోను కెమెరా గలదు. తోటివాడు జాఱిపడినప్పుడు చిత్రించి పదుగురికి జూపుట మనకు క్షణకాలపు పని. వానికి చిరకాలపు బాధ. ముందు వానిని లేవనెత్తుదము. చిత్రమును జూపవలసియున్నచో వాని యనుమతి నడుగుదము. వాడును మనతో గలిసి నవ్వగలిగినదే వినోదము. వాడొక్కడు తల వంచుకొనవలసివచ్చినచో నది వినోదము గాదు.