ఎనిమిదో సర్వర్

డెవ్ఆప్స్ అనగానే మనకు రెజ్యూమె గుర్తొస్తుంది. డాకర్, జెంకిన్స్, కుబర్నెటీస్ అని వరుసగా రాసేస్తే వచ్చేసినట్టే అనుకుంటాం. టూల్స్ తెలియడం వేరు, ఆ అలవాట్లు ఉండటం వేరు. ఆ తేడా ఎంత ఖరీదైనదో తెలియాలంటే ఒక నిజమైన కథ వినాలి.

అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ ట్రేడింగ్ సంస్థ ఉండేది. 2012 ఆగస్టు 1న న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఒక కొత్త పద్ధతి మొదలవుతుందని కొత్త కోడ్ రాసుకున్నారు. దాన్ని 8 సర్వర్లలో పెట్టాలి. పెట్టిన మనిషి 7 సర్వర్లలోనే పెట్టాడు, ఒకటి మిగిలిపోయింది. రెండో మనిషి సరిచూసే నియమం అక్కడ లేదు.

ఆ ఎనిమిదో సర్వర్‌లో 2003లోనే వాడటం మానేసిన పాత కోడ్ ఇంకా ఉంది. దాన్ని లేపే ఫ్లాగ్‌నే కొత్త కోడ్‌కీ వాడారు. మార్కెట్ తెరవగానే పాత కోడ్ నిద్రలేచి, ఆపకుండా ఆర్డర్లు పంపింది. 45 నిమిషాల్లో 40 లక్షలకు పైగా లావాదేవీలు. నష్టం 46 కోట్ల డాలర్ల పైమాటే.

అసలు బాధ కలిగించే విషయం ఇంకోటుంది. మార్కెట్ తెరవకముందే ఆ సిస్టమ్ 97 ఈమెయిల్స్ పంపింది. వాటిని హెచ్చరికలుగా ఎవరూ చూడలేదు. తర్వాత కంగారులో, సరిగ్గా ఉన్న 7 సర్వర్లలోంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో రోగం అన్నిటికీ పాకింది! మరుసటి ఏడాదే ఆ సంస్థ మరో సంస్థలో కలిసిపోయింది.

తప్పెవరిది? ఆ ఒక్క మనిషిదేనా? కాదు. మనిషి మర్చిపోతాడు. మర్చిపోయినా తట్టుకునే ఏర్పాటు లేకపోవడమే తప్పు. డెవ్ఆప్స్ చెప్పేది ఇదే. కాపీ చేసే పని స్క్రిప్టుకి అప్పగించు. వాడని కోడ్ తీసెయ్. హెచ్చరిక ఎవరికి వెళ్తే వాళ్లు లేచి చూడాలో ముందే రాసుకో. వెనక్కి వెళ్లే దారిని ప్రశాంతంగా ఉన్నప్పుడే నడిచి చూసుకో. ప్రమాదం జరిగాక "ఎవరు చేశారు" అని కాదు, "ఎలా జరగగలిగింది" అని అడుగు.

2009లో ఫ్లికర్ ఇంజనీర్లు జాన్ ఆల్స్‌పా, పాల్ హామండ్ ఒక సదస్సులో తాము రోజుకు పదిసార్లకు పైగా డిప్లాయ్ చేస్తామని చెప్పారు. వినడానికి సాహసంలా ఉంటుంది గానీ, చిన్న మార్పు అయితే తప్పు ఎక్కడుందో వెంటనే దొరుకుతుంది. సెమిస్టర్ అంతా కూడబెట్టి చివరి రాత్రి చదివేవాడికి, రోజూ కాస్త చదివేవాడికి ఉన్న తేడా లాంటిదే ఇది.

మన మినీ ప్రాజెక్టునే తీసుకోండి. రివ్యూ ముందు రాత్రి నలుగురి కోడ్ కలిపి, "నా లాప్‌టాప్‌లో రన్ అయింది కదరా" అని కొట్టుకుంటాం. ఈసారి మొదటి వారంలోనే ఒక్క కమాండ్‌తో ప్రాజెక్టు నడిచేలా పెట్టుకుందాం. రోజూ కోడ్ కలుపుదాం. ఒకసారి కావాలనే పాడుచేసి, వెనక్కి రాగలమో లేదో చూద్దాం. రెజ్యూమెలో రాయడానికి అప్పుడు నిజంగానే ఏదో ఒకటి ఉంటుంది.