దారి చెప్పే పెట్టె

మీరు ఎప్పుడైనా తెలియని ఊరికి పోయారా? దారి ఎలా తెలుసుకున్నారు?

బస్సు కండక్టరును అడిగి ఉంటారు. టీ అంగడి దగ్గర ఆగి అడిగి ఉంటారు. పొలంలో పని చేసేవాళ్లను కేక వేసి అడిగి ఉంటారు. "చింతచెట్టు కాడ ఎడమ పక్కకు తిరగండి" అని ఎవరో ఒకరు చెప్పి ఉంటారు.

ఇప్పుడు దారి చెప్పే యంత్రాలు వచ్చాయి. ఒకటి కారు అద్దానికి అతికించుకునే చిన్న పెట్టె. అరచేతిలో పట్టేంత ఉంటుంది. దాన్ని జీపీఎస్ పెట్టె అంటారు. ఊరి పేరు చెబితే అది దారి చూపుతుంది. మలుపు వచ్చే ముందు మాట్లాడుతుంది.

మరి పెట్టె ఉంటే చాలా? దారి తప్పమా? ఈ కథ చదవండి.

ఆ రాత్రి

వానాకాలం. రాత్రి ఎనిమిది గంటలు. నంద్యాల ఆసుపత్రి నుంచి ఒక కారు బయలుదేరింది. కారులో ఒక బాలింత ఉంది. ఒడిలో ఐదు రోజుల బిడ్డ. పక్కన అత్త కూర్చుంది.

కారు నడిపేది బాలింత తమ్ముని స్నేహితుడు. హైదరాబాదు పిల్లవాడు. ఈ దారులు అతనికి కొత్త. అతని కారులో దారి చెప్పే పెట్టె ఉంది.

"ఏ ఊరు పెద్దమ్మా?" అని అడిగాడు.

"రుద్రవరం నాయనా."

అతను పెట్టె మీద ఆ పేరు కొట్టాడు. ఒకటి కాదు, చాలా రుద్రవరాలు వచ్చాయి. మొదటి దాని పక్కన 'కర్నూలు జిల్లా' అని ఉంది.

"మీది కర్నూలు జిల్లానేనా పెద్దమ్మా?"

"మునుపు కర్నూలు జిల్లానే నాయనా. ఇప్పుడు నంద్యాల జిల్లా అంటాండారు."

అతను మొదటి పేరు నొక్కాడు. కారు కదిలింది.

వాన జోరుగా ఉంది. బయట ఏమీ కనపడడం లేదు. బిడ్డ నిద్ర పోయింది. తల్లి కూడా కునుకు తీసింది. పెట్టె మాత్రం మాట్లాడుతూనే ఉంది. తిన్నగా పొమ్మంటోంది.

కొంతసేపటికి కారు దీపాల వెలుగు ఒక కిలోమీటరు రాయి మీద పడింది. పెద్దమ్మ దాన్ని చూసింది. ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఎక్కడ అక్షరాలు కనపడినా కూడబలుక్కోవడం ఆమెకు అలవాటు.

"పా... ణ్యం. పాణ్యం."

ఆమె గుండె గుభేలుమంది.

"నాయనా, బండి నిలుపు!"

"ఏమైంది పెద్దమ్మా?"

"ఆ రాయి మింద పాణ్యం అని రాసినారు. పాణ్యం కర్నూలు దోవలో ఉంది. మనం ఆళ్లగడ్డ దోవ పట్టాల. ఎదురు దిక్కుకు పోతాండాం."

"పెట్టె ఇదే దారి అంటోంది కదా!"

"పెట్టె అంటే అననీ. రాయి మింద ఉండే పేరు నేను సదివినా."

అతను కారు పక్కకు తీసి ఆపాడు. పెట్టెను మళ్లీ చూశాడు. నిజమే. కర్నూలు మండలంలో కూడా రుద్రవరం అనే ఊరు ఉంది. పెట్టె ఆ ఊరికి దారి చూపుతోంది. ఈసారి అతను ఆళ్లగడ్డ పక్కన ఉన్న రుద్రవరాన్ని వెతికి నొక్కాడు. కారు వెనక్కి తిరిగింది.

సిరివెళ్ల పేరు ఉన్న బోర్డు కనపడింది. పెద్దమ్మ దాన్ని కూడా చదివింది. అప్పుడు ఆమె మనసు కుదుటపడింది.

"పెద్దమ్మా, మీకు చదువు రాకపోతే ఈ వానలో కర్నూలు దాకా పోయి ఉంటాం" అన్నాడు ఆ పిల్లవాడు.

పొరపాటు ఎక్కడ జరిగింది?

నంద్యాల, ఆళ్లగడ్డ మునుపు కర్నూలు జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల కొత్త జిల్లా అయింది. ఆ పెట్టెలోని పటం అంతకు ముందుది. అందులో రెండు రుద్రవరాల పక్కనా కర్నూలు జిల్లా అనే ఉంది. జిల్లా పేరు చూస్తే తేడా తెలియలేదు. మండలం చూసి ఉంటే తెలిసేది.

పెట్టె అబద్ధం చెప్పలేదు. అడిగిన ఊరికే దారి చూపింది. మనకు కావలసిన ఊరు ఏదో దానికి తెలియదు. అది మనకే తెలుసు.

పెట్టెకు దారి ఎలా తెలుస్తుంది?

ఆకాశంలో చాలా ఎత్తున ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. ఇవి మనుషులు తయారు చేసి పంపినవి. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. ప్రతి ఉపగ్రహంలో చాలా కచ్చితమైన గడియారం ఉంటుంది. అది "నేను ఇక్కడ ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత" అని ఎప్పుడూ కబురు పంపుతూ ఉంటుంది. రేడియోకు పాట వచ్చినట్లే ఈ కబురు కూడా గాలిలో వస్తుంది.

ఉరుము సంగతి మీకు తెలుసు. ముందు మెరుపు కనపడుతుంది. తర్వాత ఉరుము వినపడుతుంది. ఉరుము ఆలస్యంగా వస్తే పిడుగు దూరంగా పడిందని అనుకుంటాం. వెంటనే వస్తే దగ్గరే పడిందని భయపడతాం. పెట్టె కూడా అలాగే లెక్క వేస్తుంది. కబురు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో తెలుసుకుంటుంది.

ఈ కబురు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అందుకే అంత ఎత్తు నుంచి మనల్ని చేరడానికి సెకనులో పదిహేనో వంతు చాలు.

ఒక్క ఉపగ్రహం దూరం తెలిస్తే చాలదు. ఎందుకో చూడండి. "నేను నంద్యాలకు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్నాను" అని ఒకామె చెప్పింది. ఆమె ఎక్కడ ఉన్నట్లు? నంద్యాల చుట్టూ ఏ పక్కనైనా ఉండవచ్చు. "ఆళ్లగడ్డకు కూడా 20 కిలోమీటర్లే" అని చెబితే, రెండు ఊళ్ల నడుమ ఉందని తెలుస్తుంది. బనగానపల్లెకు ఎంత దూరమో కూడా చెబితే ఇంకా గట్టిగా తెలుస్తుంది. పెట్టె కూడా కనీసం నాలుగు ఉపగ్రహాల కబుర్లు వింటుంది. మూడింటితో చోటు తెలుస్తుంది. నాలుగోది పెట్టెలోని గడియారం తప్పును సరి చేస్తుంది.

ఉపగ్రహం మన చోటు మాత్రమే తెలుసుకునేలా చేస్తుంది. ఊళ్ల పేర్లు, రోడ్లు దానికి తెలియవు. అవి పెట్టెలోని పటంలో ఉంటాయి. ఆ పటం మనుషులు తయారు చేసినది. అందుకే పటం పాతదైతే దారి తప్పవచ్చు.

ఈ ఏర్పాటు ఎవరిది?

జీపీఎస్ అమెరికా దేశం ఏర్పాటు చేసినది. మొదట దాని సైన్యం కోసం మొదలు పెట్టారు. 1978లో మొదటి ఉపగ్రహం పంపారు. 1995 నాటికి ఏర్పాటు పూర్తి అయింది. మామూలు జనానికి అందే కబురును కావాలనే కొంచెం తప్పుగా ఉంచేవారు. దానివల్ల సుమారు 100 మీటర్ల వరకు తేడా వచ్చేది. 2000 మే నెలలో ఆ తప్పును తీసేశారు. ఆ తర్వాత కార్లలో ఈ పెట్టెలు బాగా పెరిగాయి.

మన దేశం కూడా సొంత ఉపగ్రహాలు పంపింది. మొదటిది 2013 జూలై 1న మన శ్రీహరికోట నుంచి పోయింది. 2016లో ఈ ఏర్పాటుకు 'నావిక్' అని పేరు పెట్టారు.

పెట్టె ఉన్నవాళ్లు ఏమంటున్నారు?

ఆళ్లగడ్డ రాతి విగ్రహాలకు పేరున్న ఊరు. ఇక్కడ చెక్కిన దేవుళ్లు దూరపు ఊళ్ల గుళ్లకు పోతాయి. విగ్రహాలు తోలే ఒక వ్యాను యజమాని ఇలా అంటాడు: "బెంగళూరులో మాకు సందు సందుకూ ఆగి అడగాల్సి వచ్చేది. భాష రాదు. పెట్టె వచ్చినాక ఆ బాధ తగ్గింది. ఎన్ని గంటలకు చేరుతామో కూడా చెప్తాది. గుడి వాళ్లకు ముందే ఫోన్ చేసి చెప్తాం."

నంద్యాల కారు డ్రైవరు ఒకాయన ఇలా అంటాడు: "గిద్దలూరు పోవాలంటే నల్లమల అడవి దాటాల. అక్కడ ఫోనుకు సిగ్నలు అందని చోట్లు ఉన్నాయి. పెట్టె మాత్రం పని చేస్తాది. పటం దాని లోపలే ఉంటాది కదా. కానీ కొండల నడుమ ఒక్కోసారి చోటు ఆలస్యంగా చూపుతాది. మలుపు దాటినాక తిరగమంటాది. ఘాటులో నేను రోడ్డునే చూస్తా."

మరొకాయన కష్టం వేరు. "కర్నూలు–కడప రోడ్డును నాలుగు వరుసలు చేసినారు. నా పెట్టెలో పాత పటమే ఉంది. కొత్త రోడ్డు మీద పోతాంటే, కారు చేలల్లో పోతాందని చూపింది! పటం మార్పించుకున్నాక సరి అయింది."

నాలుగో ఆయన నవ్వుతూ చెప్పాడు: "దగ్గరి దారి అని పెట్టె ఒక మట్టి బాటలోకి తిప్పింది. ముందు రోజు వాన పడింది. నల్లరేగడి. నాలుగు చక్రాలూ కూరుకుపోయినాయి. ట్రాక్టరు తెచ్చి లాగించుకున్నా. ఊరి వాళ్లను ఒక్క మాట అడిగి ఉంటే ఆ బాటలో పోవద్దనే వాళ్లు."

చూశారా? పెట్టెకు పటం తెలుసు. బురద తెలియదు. కుందూ నది పొంగి వంతెన మీద నీళ్లు పారుతున్నా దానికి తెలియదు. అది మన ఊరి వాళ్లకు తెలుసు.

పెట్టె వాడేటప్పుడు

1. కారు కదలక ముందే ఊరి పేరు కొట్టాలి. నడుపుతూ కొట్టకూడదు.
2. ఊరి పేరు ఒక్కటే చాలదు. మండలం, జిల్లా కూడా చూడాలి. పక్కన ఉన్న పెద్ద ఊరి పేరు చూస్తే ఇంకా మంచిది.
3. ఎన్ని కిలోమీటర్లు అని చూపుతుందో చూడాలి. 20 కిలోమీటర్ల ఊరికి 80 అని చూపితే, ఎక్కడో తప్పు ఉన్నట్లే.
4. దారిలో రాళ్లు, బోర్డులు చదువుతూ ఉండాలి.
5. వానాకాలంలో మట్టి బాట, వాగు వస్తే ఆగి అడగాలి.
6. కారు ఎండలో ఆపితే పెట్టెను అద్దం మీద నుంచి తీసి దాచాలి. ఎండకు పెట్టె పాడవుతుంది. రబ్బరు పట్టు సడలి కింద పడుతుంది. దొంగల కంటా పడుతుంది.

ఇప్పుడు చాలామంది విడి పెట్టె కొనడం లేదు. సెల్ ఫోన్‌లోనే దారి చూస్తున్నారు. ఫోన్ కూడా ఉపగ్రహాల కబురే వింటుంది. అయితే పటం చాలావరకు ఇంటర్నెట్ నుంచి వస్తుంది. అడవిలో సిగ్నలు లేకపోతే పటం రాకపోవచ్చు. బయలుదేరే ముందే పటాన్ని ఫోన్‌లో దించుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

ఇంకొక సంగతి. ఆపద వస్తే 108కి ఫోన్ చేస్తాం. "ఎక్కడ ఉన్నారు?" అని వాళ్లు అడుగుతారు. ఊరు, మండలం, జిల్లా చెప్పాలి. దగ్గరలో ఉన్న రాయి మీద పేరు, అంకె చదివి చెప్పాలి. అది చెప్పగలిగితే బండి వెతుక్కోకుండా వస్తుంది. ఒక ప్రాణం నిలబడవచ్చు.

పెద్దమ్మ ఆ రాత్రి రాయి మీద చదివింది ఒకే ఒక్క మాట. రెండు అక్షరాల మాట. అది బాలింతను, పసిబిడ్డను ఇంటికి చేర్చింది. ఇప్పుడు ఆమె ఎక్కడికి పోయినా కిటికీ పక్కనే కూర్చుంటుంది. దారి పొడుగునా చదువుతూ పోతుంది.

కొత్త మాటలు

ఉపగ్రహం – భూమి చుట్టూ తిరిగేలా ఆకాశంలోకి పంపిన యంత్రం
పటం – ఊళ్లు, రోడ్లు, నదులు గీసి చూపే బొమ్మ
కచ్చితం – తప్పు లేకుండా సరిగా ఉండడం
ఘాటు – కొండల మీద మలుపులు తిరిగే రోడ్డు

జవాబులు రాయండి

1. పెద్దమ్మ రాయి మీద ఏ పేరు చదివింది?
2. పెట్టె వేరే రుద్రవరానికి ఎందుకు దారి చూపింది?
3. చోటు తెలుసుకోవడానికి కనీసం ఎన్ని ఉపగ్రహాల కబురు కావాలి?
4. పెట్టెకు తెలియనివి ఏవి? రెండు రాయండి.

లెక్క చేయండి

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. గంటకు 40 కిలోమీటర్లు పోయే కారుకు ఎంతసేపు పడుతుంది? ఉదయం 8 గంటలకు బయలుదేరితే ఎన్ని గంటలకు చేరుతుంది?

మాట్లాడుకోండి

మీ ఊరి పేరుతో ఇంకొక ఊరు ఉందా? బయటివాళ్లు మీ ఊరికి రావాలంటే ఏ గుర్తులు చెబుతారు? తోటి అక్కచెల్లెళ్లతో మాట్లాడండి.

చేసి చూడండి

మీ ఊరు, మండలం, జిల్లా, పిన్‌కోడ్ ఒక కాగితం మీద రాయండి. ఇంటి గోడకు అంటించండి. ఈసారి బస్సులో పోయేటప్పుడు దారిలో కనపడిన ఐదు ఊళ్ల పేర్లు చదివి రాసుకోండి.