ఇంటిలో సీలింగు ఫ్యాను బిగించుటలో జాగ్రత్తలు

స్విచ్చి ఆపినంత మాత్రమున ఫ్యానులో కరెంటు లేదని తలంపరాదు. స్విచ్చిని ఫేజు తీగెకు బదులు న్యూట్రలు తీగెపై అమర్చినచో, ఫ్యాను తిరగకున్నను అందు 230 వోల్టుల కరెంటు నిలిచియుండును. దుమ్ము తుడువబోయిన ఇల్లాలి ప్రాణమునకే ముప్పు. కావున స్విచ్చి ఎల్లప్పుడు ఫేజు తీగెపైననే ఉండవలెను.

కరెంటు పోయిన వేళ చూచి పనికి పూనుకొనరాదు. అది ఏ క్షణమునైనను రావచ్చును. మెయిను స్విచ్చి ఆపి, టెస్టరుతో పరీక్షించిన పిమ్మటనే తీగెలను ముట్టుకొనుడు.

కొక్కెమును శ్లాబులోని ఇనుప చువ్వలకు కట్టి పోత పోయవలెను. పెంకుటింటనైనచో గట్టి దూలమునకే బిగింపవలెను. పుచ్చిన కొయ్య పనికిరాదు. రెక్కలు నేలకు 8 అడుగుల ఎత్తునను, కప్పునకు ఒక అడుగు దిగువను ఉండుట క్షేమము. అదురునకు నట్టు వదులగును గనుక బోల్టుకు స్ప్లిట్ పిన్ను మరువరాదు.

ఎఱ్ఱ తీగె ఫేజు, నల్లది న్యూట్రలు, పచ్చది ఎర్తు. పచ్చ తీగెను ఫ్యాను లోహపు భాగమునకు తప్పక కలుపవలెను. దాని స్థానమున న్యూట్రలును వాడరాదు.

తీగెల పనిని లైసెన్సు గల వైర్‌మన్ చేతనే చేయించుడు. పని ముగిసిన పిమ్మట, స్విచ్చి ఆపియుండగా ఫ్యాను తీగెల కొనలను టెస్టరుతో చూడుమనుడు. దీపము వెలిగినచో స్విచ్చి తప్పు తీగెపై ఉన్నదేమో చూచి, సరిచేయించిన గాని ఫ్యానును వాడకుడు.