తప్పటడుగుల వ్యాకరణం

పాఠం ఉద్దేశం: పసిపిల్లల మాటలు, చేతలు పెద్దలకు నవ్వు పుట్టిస్తాయి. ఆ నవ్వు వెనుక భాష నేర్చుకొనే ఒక గొప్ప ప్రయత్నం దాగి ఉందని, పసివారి తప్పులు చాలావరకు నియమబద్ధమైనవని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

పసిపాప తిరుగాడే ఇంట్లో హాస్యానికి వేరే విదూషకుడు అక్కరలేదు. సంస్కృత నాటకాలలోని విదూషకుడు నవ్వించాలని ఎరిగి నవ్విస్తాడు. రెండేళ్ళ పాపకు నవ్వించాలన్న తలంపే ఉండదు. పైగా, పెద్దలు ఎందుకు నవ్వుతున్నారో తెలియక వారి ముఖాలవంక వింతగా చూస్తుంది. ఆ చూపుతో నవ్వు రెట్టింపవుతుంది.

ఒక చిన్న పట్టణంలోని ఇల్లు. వేసవి సాయంకాలం. తాతయ్య, అమ్మమ్మ, తల్లి, రెండున్నరేళ్ళ పాప వసారాలో కూర్చొని ఉన్నారు. ఉన్నట్టుండి దీపాలు ఆరిపోయాయి. ఫ్యాను ఆగిపోయింది. "అయ్యో, కరెంటు పోయింది" అన్నది అమ్మమ్మ. "ఎక్కడికి పోయింది?" అని పాప అడిగింది. ఎవరూ సమాధానం చెప్పలేదు. అరగంట తరవాత వీధిలోని పిల్లలంతా "కరెంటు వచ్చింది" అని కేకలు వేశారు. పాప పరుగుపరుగున వీధి గుమ్మం దగ్గరకు వెళ్ళి, తలుపు తీయమని మారాం చేసింది. అంతటితో ఊరుకోక "కాళ్ళు కడుక్కోమను" అని అమ్మమ్మకు పురమాయించింది. బయటినుంచి వచ్చినవారు ఎవరైనా కాళ్ళు కడుక్కొని లోపలికి రావాలన్నది ఆ ఇంటి నియమం. కరెంటుకు మాత్రం మినహాయింపు ఎందుకుండాలి?

మర్నాడు తాతయ్య తుమ్ముతూ ఉంటే "నాన్నకు జలుబు చేసింది" అన్నది తల్లి. "ఎవలు చేసాలు?" అంటూ పాప విచారణ ప్రారంభించింది. ఆ రాత్రి తాతయ్య "నిద్ర పట్టడం లేదు" అని అటూఇటూ దొర్లుతుంటే, "నేను పడతా" అని మంచం కిందికి దూరింది.

ఈ మాటలకు నవ్వు ఎందుకు వస్తుంది? ఆలంకారికులు శబ్దానికి అభిధ, లక్షణ, వ్యంజన అని మూడు వృత్తులను చెప్పారు. మాటకు నేరుగా ఉన్న అర్థాన్ని బోధించేది అభిధ. ఆ అర్థం పొసగనప్పుడు దానితో సంబంధమున్న మరొక అర్థాన్ని బోధించేది లక్షణ. కరెంటుకు కాళ్ళు లేవు. అయినా అది పోతుంది, వస్తుంది. నిద్ర చేతికి చిక్కే వస్తువు కాదు. అయినా అది పడుతుంది. పెద్దలు రోజుకు వందసార్లు ఇటువంటి మాటలు వాడుతూ, తాము వాడుతున్నామన్న స్పృహే లేకుండా ఉంటారు. పాపకు తెలిసింది అభిధ ఒక్కటే. ఆమె ప్రశ్న వినగానే పెద్దలకు తమ మాటలోని వింత మొదటిసారిగా కనిపిస్తుంది. ఆ నవ్వులో సగభాగం పెద్దలు తమను చూసి తాము నవ్వుకొన్నదే.

పాప మాటల్లో మరొక విశేషం ఉంది. "ఇల్లులో పిల్లి", "నోరులో ముద్ద", "చెయ్యితో తింటా" - ఈ విధంగా మాట్లాడే పిల్లలు తెలుగు ఇళ్ళలో ఎందరో కనిపిస్తారు. ఇవి తప్పులే. అయితే ఈ తప్పులను పిల్లలు ఎవరివద్ద నేర్చుకొన్నారు? ఆ ఇంట్లో 'ఇల్లులో' అన్న పెద్దవారు ఒక్కరూ లేరు. కనుక ఇది అనుకరణ కాదు. పాప గదిలో, బడిలో, సంచిలో, డబ్బాలో అనే మాటలు విన్నది. పదం చివర 'లో' చేరిస్తే చాలునని ఊహించింది. ఆ ఊహను 'ఇల్లు'కు వర్తింపజేసింది.

ద్వితీయ మొదలైన విభక్తులు చేరేటప్పుడు కొన్ని పదాలకు 'ఇ, టి, తి' అనే ఔపవిభక్తికాలు వస్తాయని చిన్నయసూరి బాలవ్యాకరణం బోధిస్తుంది. అందువల్లనే ఇల్లు 'ఇంటిలో' అని, నోరు 'నోటిలో' అని, చేయి 'చేతితో' అని మారుతున్నాయి. పాపకు సామాన్య సూత్రం తెలిసింది. విశేష సూత్రం ఇంకా తెలియలేదు. పెద్ద విద్యార్థులు ఏళ్ళ తరబడి చదివి వల్లెవేసే వ్యాకరణంలో సగాన్ని ఆమె పలక పట్టకుండానే సొంతంగా కట్టుకొన్నది. తప్పు చెప్పడమే ఆమె నియమాన్ని గ్రహించిందనడానికి సాక్ష్యం.

దీనిని శాస్త్రీయంగా నిరూపించిన పరిశోధన ఒకటి 1958లో వెలువడింది. అమెరికాకు చెందిన జీన్ బెర్కో అనే భాషాశాస్త్రవేత్త పిట్టను పోలిన ఒక వింత జీవి బొమ్మ గీసి, దానికి 'వగ్' అని పేరు పెట్టారు. తరవాత అటువంటివి రెండు ఉన్న బొమ్మ చూపి, వాటిని ఏమంటారని చిన్నపిల్లలను అడిగారు. ఆ పేరు లోకంలో ఎక్కడా లేదు. అయినా ఎక్కువమంది పిల్లలు దానికి సరైన ఆంగ్ల బహువచనం చెప్పారు. వినని మాటకు బహువచనం చెప్పాలంటే జ్ఞాపకశక్తి చాలదు. నియమం తెలిసి ఉండాలి.

ఉచ్చారణ విషయంలోనూ పసివారి దారి ఆసక్తికరమైనది. పాప 'పుస్తకం' అనలేక 'పుత్తకం' అంటుంది. రెండు వేరువేరు హల్లులను ఒకేచోట పలకడం కష్టం గనుక వాటిని ఒకే హల్లుగా మార్చుకొంటుంది. సంస్కృత 'అగ్ని' తెలుగులో 'అగ్గి' అయింది. 'భక్తి' 'బత్తి' అయింది. 'పుస్తకము' 'పొత్తము' అయింది. తద్భవ పదాలు పసివారి నోట పుట్టాయని దీని అర్థం కాదు. నాలుకకు సులువైన దారి అందరికీ ఒకే విధంగా తోస్తుందని మాత్రం గ్రహించవచ్చు. పెదవులతో పలికే ప, బ, మ వంటి ధ్వనులు శిశువుల నోట ముందుగా వెలువడతాయని రోమన్ యాకొబ్‌సన్ అనే భాషావేత్త వివరించాడు. అమ్మ, అబ్బ, పాప, మామ, బువ్వ అనే మాటలను ఒకసారి పలికి చూస్తే ఆ సంగతి బోధపడుతుంది.

పరిణామ సిద్ధాంత కర్త చార్లెస్ డార్విన్ తన మొదటి కుమారుని శైశవాన్ని శ్రద్ధగా గమనించి రాసుకొన్నాడు. ఆ బాలుడు 1839లో పుట్టాడు. ఆ రాతల ఆధారంగా రచించిన వ్యాసం 1877లో వెలువడింది. ఏడాది వయసులో ఆ బాలుడు ఆహారానికి 'మమ్' అని తనంతట తానే పేరు పెట్టాడు. తరవాత చక్కెరను 'షు-మమ్' అన్నాడు. 'నలుపు' అనే అర్థమిచ్చే 'బ్లాక్' అన్న మాట నేర్చాక, అతిమధురాన్ని 'బ్లాక్-షు-మమ్' అన్నాడు. అంటే 'నల్ల చక్కెర తిండి' అన్నమాట! తెలుగు వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే, మాటలు సరిగా రాని వయసులోనే ఆ బాలుడు విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం కల్పించాడు.

మాటలు ఒకదానితో ఒకటి కలిసి ప్రవహిస్తున్నప్పుడు ఏ మాట ఎక్కడ ముగిసిందో తెలుసుకోవడం పసివారికి మరొక కష్టం. ఈ సంగతిని మహాకవి కాళిదాసు నాటకీయంగా వాడుకొన్నాడు. అభిజ్ఞాన శాకుంతలం సప్తమాంకంలో బాలుడైన సర్వదమనుడు సింహపు పిల్లను పట్టి బాధిస్తూ ఉంటాడు. అతని దృష్టి మళ్ళించడానికి తాపసి ఒక మట్టి నెమలిని తెచ్చి, ఆ పక్షి అందాన్ని చూడమంటుంది. పక్షి అందానికి ఆమె వాడిన మాట 'శకుంతలావణ్యం'. బాలుడు అందులోని మొదటి అక్షరాలను మాత్రమే విని, తన తల్లి పేరు అనుకొని, అమ్మ ఎక్కడ అని చుట్టూ వెతుకుతాడు. తాపసులు నవ్వుకొంటారు. అక్కడే నిలిచిన దుష్యంతుడు ఆ పేరు విని ఉలిక్కిపడతాడు. ఒక పసివాడు మాటను తప్పుగా విరవడం వల్ల విడిపోయిన కుటుంబం కలుసుకొనే దారి ఏర్పడింది.

అల్లరి విషయంలో దేశకాల భేదాలు లేవు. పోతన భాగవతంలో బాలకృష్ణుడు మన్ను తిన్నాడని బలరాముడు, గోపబాలురు యశోదకు చెబుతారు. కృష్ణుడు తినలేదని బొంకి, కావాలంటే తన నోరు వాసన చూడమని తల్లినే సవాలు చేస్తాడు. డార్విన్ కుమారుడు కూడా రెండేళ్ళ ఏడు నెలలు దాటిన వయసులో ఇటువంటి పనే చేశాడు. ఒకనాడు భోజనాల గదినుంచి వస్తూ తండ్రికి ఎదురుపడ్డాడు. పైగుడ్డను జాగ్రత్తగా చుట్టి పట్టుకొని, తండ్రిని అవతలికి పొమ్మని పదేపదే ఆజ్ఞాపించాడు. తండ్రి ఆ గుడ్డ విప్పి చూశాడు. యశోదకు కృష్ణుని నోట బ్రహ్మాండం కనిపించింది. డార్విన్‌కు మాత్రం ఊరగాయ రసం మరక కనిపించింది. మంచి భావాలను మేల్కొలిపే పద్ధతిలోనే పెంచినందువల్ల ఆ బాలుడు త్వరలోనే సత్యం పలికేవాడయ్యాడని ఆ తండ్రి రాశాడు. ఈ మాట గమనించదగింది.

మళ్ళీ మన పాప వద్దకు వద్దాం. ఆమె తండ్రి ఉద్యోగరీత్యా వేరే ఊళ్ళో ఉంటాడు. రాత్రి ఫోను చేసి "బువ్వ తిన్నావా, తల్లీ?" అని అడుగుతాడు. పాప తల ఊపుతుంది. వినిపించక మళ్ళీ అడిగితే ఒళ్ళంతా కదిలేలా ఊపుతుంది. "నోటితో చెప్పమ్మా" అని తల్లి అంటే ఫోనును నోట్లో పెట్టుకొంటుంది. తనకు కనిపిస్తున్నది ఇతరులకు కనిపించకపోవచ్చునన్న ఎరుక ఆ వయసులో ఇంకా పూర్తిగా ఏర్పడదు. పసివారు ఎదుటివారి దృష్టితో చూడలేకపోవడాన్ని స్విట్జర్లాండుకు చెందిన మనోవైజ్ఞానికుడు జీన్ పియాజె విపులంగా చర్చించాడు.

పసివారికి రాని ఆ విద్య పెద్దలకైనా రావాలి కదా! ఒకనాడు ఆ ఇంటికి బంధువులు వచ్చారు. పాప "ఇల్లులో పిల్లి" అనగానే పదిమందీ గొల్లున నవ్వారు. "ఏదీ, మళ్ళీ అనవే" అన్నారు. పాప మళ్ళీ అన్నది. మళ్ళీ నవ్వారు. మూడోసారి అడిగితే పాప అనలేదు. అమ్మమ్మ కొంగు చాటున ముఖం దాచుకొన్నది. ఆ సాయంకాలమంతా ఏది కావాలన్నా వేలితో చూపిందే తప్ప నోరు మెదపలేదు.

ఇంటిల్లిపాదీ దానిని సిగ్గు అనుకొన్నారు. తాతయ్య మాత్రం అనుకోలేదు. బంధువులు వెళ్ళిపోయిన తరవాత పిల్లి మళ్ళీ వంటింటి గడప దాటింది. పాప వేలు చూపింది. "అవునమ్మా, ఇంట్లోకి పిల్లి వచ్చింది. ఇంట్లో ఏం చేస్తోందో?" అని తాతయ్య అడిగాడు. పాప చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. ఆయన నవ్వలేదు. అప్పుడు మెల్లగా "ఇల్లులో పాలు తాగింది" అన్నది. "ఇంట్లో పాలన్నీ తాగేసిందా!" అని ఆయన ఆశ్చర్యపడ్డాడు. పాప ముఖం విప్పారింది.

తాతయ్య 'తప్పు' అనలేదు. సరైన మాటను తన జవాబులో కలిపి ఆమెకు అందించాడు. పసివారి మాటలకు నవ్వు రావడం సహజం. ఆ నవ్వులో వాత్సల్యం ఉన్నంతవరకు దోషం లేదు. పాపను వేడుకబొమ్మగా నిలబెట్టి నవ్వినప్పుడు ఆమెకు తెలిసేది ఒకటే: మాట్లాడితే నవ్వుతారు. ఆ భయం ఒకసారి నాటుకొంటే తరగతిలో సందేహం అడగడానికి లేచి నిలబడలేని విద్యార్థిగా ఎదగవచ్చు. తప్పటడుగు వేసినప్పుడు చేయి అందించే పెద్దలు తప్పుమాటకు కూడా అదే విధంగా చేయి అందించాలి.

కొన్ని నెలలు గడిచాయి. ఒక ఉదయం పాప పరుగెత్తుకొని వచ్చి "తాతయ్యా, ఇంట్లో పిల్లి" అన్నది. తాతయ్య చదువుతున్న పత్రిక దించాడు. ఆ ముద్దుమాట ఇక తిరిగి వినిపించదని ఆయనకు తెలిసింది. "ఏమిటీ? ఇల్లులో పిల్లా?" అని అడిగాడు.

"ఇల్లులో కాదు తాతయ్యా, ఇంట్లో" అని పాప దిద్దింది. ఈసారి ముందుగా నవ్వింది ఆమే.

పదాలు - అర్థాలు

విదూషకుడు: నాటకంలో హాస్యం పండించే పాత్ర
వసారా: ఇంటి ముందరి పంచ
పురమాయించు: పని చెప్పు
స్పృహ: తెలివిడి, ఎరుక
తద్భవం: సంస్కృత ప్రాకృతాల నుంచి మార్పు చెంది వచ్చిన పదం
తాపసి: తపస్సు చేసే స్త్రీ
వాత్సల్యం: పిల్లలపై ఉండే ప్రేమ

అభ్యాసం

అ) ఈ కింది ప్రశ్నలకు ఇరవై వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. పసివారి తప్పులు నియమబద్ధమైనవని పాఠం ఆధారంగా నిరూపించండి.
2. పసివారిని చూసి నవ్వడానికి, వారితో కలిసి నవ్వడానికి గల భేదాన్ని వివరించండి.

ఆ) ఈ కింది ప్రశ్నలకు నాలుగు వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. పాప 'ఇల్లులో' అనడానికి కారణమేమిటి?
2. సర్వదమనుడు మాటను ఏ విధంగా పొరపాటుగా విన్నాడు?
3. తాతయ్య పాప మాటను ఎట్లా సరిదిద్దాడు?

ఇ) సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. కాళ్ళు కడుక్కోమను.
2. ఇల్లులో కాదు తాతయ్యా, ఇంట్లో.

ఈ) మీ ఇంట్లోగాని, ఇరుగుపొరుగున గాని ఉన్న పసివారి మాటలను వారం రోజులు విని, పది మాటలు రాయండి. ప్రతి మాట వెనుక ఉన్న నియమాన్ని ఊహించి చెప్పండి.