కొత్త చేపల్ని బతకనివ్వడం లేదు

సమస్య:

మాది గోదావరిఖని. సింగరేణి ఓపెన్‌కాస్టు గనిలో పనిచేస్తాను, కంపెనీ క్వార్టర్‌లో ఉంటాం. ఐదో తరగతి చదివే మా బాబు ముచ్చటపడితే ఏడాది కింద మూడడుగుల అక్వేరియం పెట్టించి రెండు ఏంజెల్ చేపలు వేశాం. అప్పుడు రూపాయి బిళ్లంత ఉండేవి, ఇప్పుడు అరచెయ్యంత అయ్యాయి. పోయిన వారం కరీంనగర్ నుంచి ఇంకో మూడు చిన్నవి తెచ్చాను. కవరు విప్పి వదిలిన గంటలోపే పెద్దవి రెండూ వాటి మీద పడ్డాయి. నైట్ షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి ఒకటి చచ్చి తేలుతోంది. మిగిలిన రెండూ తోకలు చీలికలై, పైన ఒక మూలకు నక్కి ఉన్నాయి. మేత ముట్టడం లేదు. పెద్దవి మాత్రం ఫిల్టర్ పైపును పొద్దంతా మూతితో గోకుతూ, అటు వచ్చినదాన్నల్లా తరుముతున్నాయి. దుకాణంలో అడిగితే ‘రెండు రోజులైతే అవే కలిసిపోతాయి’ అన్నారు. బాబు ఏడుస్తూ అద్దాన్ని స్కేలుతో కొడుతున్నాడు. ‘ఆ పాపిష్టివాటిని ఎవరికైనా ఇచ్చెయ్’ అని నా భార్య పట్టుబట్టింది. వాడేమో పెద్దవాటిని ఇవ్వనంటాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఏం చెయ్యమంటారు?

– ఒక సోదరుడు, గోదావరిఖని

సలహా:

సోదరా, చిన్నవాటిని ఇంకా తియ్యకపోతే ఈ పూటే తియ్యండి. కలిసిపోతాయని ఎదురుచూడొద్దు, ఈ ట్యాంకులో అవి కలవవు. ఎందుకో మీ ఉత్తరంలోనే ఉంది. ఏంజెల్ చేప ఫిల్టర్ పైపును పొద్దంతా గోకుతోందంటే గుడ్లు పెట్టడానికి చోటు శుభ్రం చేసుకుంటోందని అర్థం. మీ పెద్దవి రెండూ జంట కట్టాయి.

ఏంజెల్ చేపల పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం. మన మార్కెట్లో దొరికే తిలాపియాది కూడా వీటి కుటుంబమే. చిన్నప్పుడు గుంపుగా తిరుగుతాయి. ఈడొచ్చాక జంట కట్టి, నిలువుగా ఉన్న వెడల్పాటి ఆకు మీదో, అద్దం మీదో, పైపు మీదో వందల గుడ్లు పెడతాయి. ఆ గుడ్లకు ఆడా మగా రెండూ కాపలా కాస్తాయి. రెండు మూడు రోజుల్లో గుడ్లు పగులుతాయి. పిల్లలు ఈదడం మొదలుపెట్టడానికి ఇంకో ఐదారు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో దగ్గరికొచ్చిన ఏ చేపైనా వాటి కంటికి పిల్లల్ని తినడానికి వచ్చిందే. మన చెరువుల్లో ఎర్రటి పిల్లల గుంపు కింద కొర్రమీను కాపలా తిరగడం చూసే ఉంటారు. దాన్ని మనం పాపిష్టిది అనం కదా. ఈ మాట మీ ఇంటావిడకు చెప్పండి.

ఇక చోటు సంగతి. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకైతే నిండా పోసినా 127 లీటర్లు పడుతుంది. గులకరాళ్లు పోను 110 లీటర్లు మిగులుతుందేమో. అది ఒక్క జంటకు చాలు. అందులో ఓడిన చేప పారిపోవడానికి చోటు లేదు. వాగులోనైతే ఓడింది వెళ్లిపోతుంది, గొడవ అక్కడితో అయిపోతుంది. అద్దాల పెట్టెలో ఎటు తిరిగినా కొట్టేవాడి కళ్లెదుటే ఉండాలి.

చిన్నవాటిని వెడల్పాటి టబ్బులో ఉంచండి. సగానికి పైగా మీ ట్యాంకు నీళ్లే పొయ్యండి, స్పాంజి ఫిల్టర్ పెట్టండి. రోజూ మూడో వంతు నీళ్లు మార్చండి. కొళాయి నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు వేశాకే పొయ్యాలి. చీలిన తోకలు మంచి నీళ్లలో వాటంతటవే పెరుగుతాయి. తర్వాత వాటికి రెండో ట్యాంకు పెట్టగలిగితే పెట్టండి, లేదంటే దుకాణానికి తిరిగిచ్చెయ్యండి. ట్యాంకు మధ్యలో ప్లాస్టిక్ జాలీ అడ్డుపెట్టొచ్చు గానీ, అది కొన్నాళ్ల ముచ్చటే. చిన్నవి పెద్దవయ్యాక ఆ సగం చోటు వాటికి చాలదు.

జంట కట్టని చేపల మధ్య గొడవ వేరు. అది పెత్తనం కోసం. మూతులు పట్టుకుని లాక్కుంటాయి, మొప్పలు విప్పి బెదిరిస్తాయి. దానికి ఉపాయాలున్నాయి. కొత్త చేపల్ని రెండు మూడు వారాలు విడిగా ఉంచి జబ్బేమీ లేదని చూసుకోవాలి. పాతవాటికి దీటైన సైజువే కొనాలి, ఒక్కటి కాకుండా రెండు మూడు కలిపి వెయ్యాలి. అప్పుడు దెబ్బలన్నీ ఒక్కదాని మీదే పడవు. వేసే రోజు ట్యాంకులో రాళ్లు, కట్టెలు, మొక్కల చోటు మార్చెయ్యండి. ఇది నా మూల అనుకున్న చేపకు ఆ మూలే లేకుండా పోతుంది. పాతవాటికి కడుపునిండా మేత వేసి, కవరు పావుగంట నీళ్లలో తేల్చి, లైటు ఆర్పాక వదలండి. అయినా ఒకటే అదేపనిగా తరుముతుంటే దాన్ని నాలుగు రోజులు వేరే తొట్టిలో పెట్టి తిరిగి వెయ్యండి. చాలాసార్లు దాని పెత్తనం తగ్గుతుంది.

మీ ఊరి ఎండ మాటా చెప్పాలి. ఏంజెల్ చేపకు 25 నుంచి 28 డిగ్రీల నీళ్లు హాయి. మే నెలలో మీ రామగుండం వైపు ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, ఇంట్లో ట్యాంకు నీళ్లూ కాగుతాయి. కాగిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, చేపకు చిరాకు ఎక్కువ. ఎండాకాలం కొత్త చేపల్ని తేకండి. తప్పకపోతే తెల్లవారుజామున తెచ్చుకోండి. ట్యాంకు మూత తీసి వల కప్పండి, నీళ్ల మీదికి ఫ్యాను తిప్పండి, ఎయిర్ పంపు ఆపకండి. గనిలో బ్లాస్టింగ్ అదురు మీ క్వార్టర్‌దాకా వస్తుంటే ట్యాంకు కింద థర్మకోల్ షీటు ఉందో లేదో చూడండి. బెదిరిన జంట తన గుడ్లు తానే తినేస్తుంది.

బాబు స్కేలు దెబ్బలూ ఆ అదురు లాంటివే. కోప్పడకుండా వాడికి ఒక పని అప్పజెప్పండి. పైపు మీద గుడ్లు ఏ రోజు కనపడ్డాయో, ఎన్నాళ్లకు పిల్లలు కదిలాయో నోటుబుక్కులో రాసుకోమనండి. మొదటిసారి గుడ్లు తినేసినా దిగులు పడొద్దని ముందే చెప్పండి, కొత్త జంటల్లో అది మామూలే. ప్రతిసారీ గుడ్లన్నీ తెల్లబడిపోతుంటే రెండూ ఆడవే అయ్యుండొచ్చు, అలా కూడా జంట కడతాయి.

కాబట్టి పెద్దవాటిని ఎవరికీ ఇవ్వకండి. మీ ట్యాంకు వాటిదే. ఇంటినిండా ఏంజెల్స్ కావాలనుకునేవాళ్లు మాత్రం పెద్ద ట్యాంకు పెట్టి, ఒకే సైజు పిల్లలు ఆరింటిని ఒకే రోజు వేసుకోండి. బాగా చూసుకుంటే ఏంజెల్ చేప పదేళ్లు బతుకుతుంది.