చుక్కదా? మోటరుదా?

పోయిన దసరా సెలవుల్లో, తెల్లవారుజామున, మా కేతేపల్లి బాయికాడ రెండు వేపచెట్ల నడుమ రాగితీగ కట్టి తాతగారి షార్ట్‌వేవ్ రేడియోకు తగిలించాను. ముల్లును 20 మెగాహెర్ట్జ్ దగ్గర నిలిపితే చిటపట వినిపించింది. "నాయినా, బృహస్పతి!" అని కేకేశాను. మడికి నీళ్లు మళ్లిస్తున్న నాయిన నవ్వి, "అది పక్కోళ్ల మోటరు స్టార్టరురా. చుక్కదో మోటరుదో నీకెట్ల తెలుస్తది?" అన్నాడు. మిత్రులారా, ఆ ప్రశ్నకు నా జవాబే ఈ వ్యాసం.

ఈ అనుమానం పెద్ద శాస్త్రజ్ఞులకూ తప్పలేదు. 1955లో అమెరికాలోని మేరీలాండ్‌లో బర్క్, ఫ్రాంక్లిన్ అనే ఇద్దరికి 22.2 మెగాహెర్ట్జ్ వద్ద ఇలాంటి రొదే తగిలింది. రాత్రి పొద్దుపోయి ఇంటికి పోయే ఏ పొలం కూలీ బండి ఇంజనో అనుకున్నారట మొదట. కాని అది రోజూ దాదాపు 4 నిమిషాలు ముందుగా వచ్చేది. చుక్కలు పొడిచేదీ ఆ లెక్కనే కదా! బండికి ఆ నియమం ఎక్కడిది? వెతికితే ఆ చోట ఉన్నది బృహస్పతి.

1964లో ఆస్ట్రేలియాకు చెందిన బిగ్ మరో విశేషం కనిపెట్టాడు. ఈ రొద అయో అనే ఉపగ్రహం ఉన్న స్థానాన్ని బట్టి వస్తుంది. మనకు బృహస్పతి వెనుక అయో ఉన్న చోటును సున్నా అనుకుంటే, అక్కడినుంచి సుమారు 90 డిగ్రీలు, 240 డిగ్రీలు తిరిగినప్పుడు రొద వచ్చే అవకాశం ఎక్కువ.

కారణమేమిటి? సైకిల్ డైనమోలో అయస్కాంతం తిరుగుతుంది, తీగచుట్ట కదలదు, కరెంటు పుడుతుంది. బృహస్పతి తన అయస్కాంత క్షేత్రంతో సహా 9 గంటల 55 నిమిషాలకో చుట్టు తిరుగుతుంది. అయో గ్రహాన్ని చుట్టిరావడానికి 42 గంటల 30 నిమిషాలు పడుతుంది. అందుచేత క్షేత్రం అయోను దాటుకుంటూ పోతుంది. అయోకు అటూ ఇటూ సుమారు 4 లక్షల వోల్టుల తేడా ఏర్పడుతుంది. అయో అగ్నిపర్వతాల నుంచి సెకనుకు దాదాపు టన్ను పదార్థం బయటపడి, విద్యుదావేశం పొంది దారి కల్పిస్తుంది. ఎలక్ట్రాన్లు బలరేఖల వెంట ధ్రువాల వైపు దూకి, గిరగిర తిరుగుతూ రేడియో తరంగాలు వెదజల్లుతాయి.

1 గాస్ క్షేత్రంలో ఎలక్ట్రాన్ సెకనుకు 28 లక్షల చుట్లు తిరుగుతుంది. ధ్రువప్రాంతంలో 14 గాస్ అనుకోండి: 14 × 2.8 = 39.2 మెగాహెర్ట్జ్. నిజంగానే ఈ రొద దాదాపు 40 మెగాహెర్ట్జ్ దాటి వినపడదు! ఈ తరంగాలు బోలు శంకువు గోడ వెంట మాత్రమే పోతాయి. ఆ గోడ భూమివైపు తిరిగినప్పుడే మనకు వినపడుతుంది. అందుకే అయో స్థానంతోబాటు బృహస్పతి ఏ ముఖం మనవైపు తిప్పిందో కూడా చూడాలి. అయోతో పని లేకుండా అప్పుడప్పుడు వచ్చే రొద వేరే ఉంది.

కాబట్టి నాయినకు జవాబు: రొద చెవికి ఒక్కతీరే, తేడా తెలిపేది గడియారం. మోటరు మనిషి వేసినప్పుడు మోగుతుంది. బృహస్పతి మోగే వేళను అయోను బట్టి ముందే లెక్కగట్టవచ్చు.

లెక్క వేసుకొని మూడు తెల్లవారుజాములు కూర్చున్నాను. రెండు రోజులు ఏమీ లేదు. మూడోనాడు, అనుకున్న వేళకే, గాలికి చెరువుకట్టను కొట్టే అలల్లాగా రొద లేచి, పడి, ఆగిపోయింది. అది బృహస్పతేనని నేను ఒట్టు పెట్టను. ఒక్కసారి కలిసినంత మాత్రాన రుజువు కాదు. కాని నాయిన మా మోటరు బందుపెట్టి వచ్చి పక్కన కూర్చున్నాడు. "మళ్లెప్పుడొస్తదిరా?" అన్నాడు.

నోటుబుక్కు తీసి మళ్లీ లెక్క మొదలుపెట్టాను.